ఓటేసేదాకా కదలని వరుస

2012 అక్టోబర్ 28, ఆదివారం. ఫ్లోరిడాలో నార్త్ మయామి పబ్లిక్ లైబ్రరీ బయట క్యూలో నిలబడ్డారు మీరు. ముందు చూస్తే తలుపు కనిపించదు, వెనక్కి తిరిగితే చివరి మనిషి కనిపించడు. చుట్టూ హైతీ వాళ్ల క్రియోల్ మాటలు. చర్చి నుంచి నేరుగా వచ్చినవాళ్లు ప్రార్థనకు వేసుకున్న బట్టల్లోనే ఉన్నారు. మీ ముందున్నామె హోటల్ గదులు సర్దుతుంది. వెనకాయన టాక్సీ నడుపుతాడు. ఇద్దరికీ ఈ పూట ఖాళీ దొరకడమే గొప్ప.

అసలు పోలింగ్ నవంబర్ 6, మంగళవారం. మన దగ్గరలా ఆ రోజు ఊరంతా సెలవు ఉండదు. పని మానితే చాలామందికి ఆ రోజు డబ్బులు రావు. అందుకే ముందస్తు ఓటింగే వీళ్లకు దిక్కు. నాలుగేళ్ల కిందట అది రెండు వారాలుండేది. 2011లో రాష్ట్ర శాసనసభ దాన్ని 8 రోజులకు కోసేసింది. చర్చి ముగియగానే జనం వ్యాన్లెక్కి ఓటుకు వెళ్లే ఆఖరి ఆదివారాన్నీ తీసేసింది. ఇక మిగిలిన ఆదివారం ఇవాళ ఒక్కటే.

లోపలికి వెళ్లినవాళ్లు త్వరగా బయటికి రావడం లేదు. బ్యాలెట్ చేతికొస్తే ఎందుకో తెలుస్తుంది. దేశాధ్యక్షుడి నుంచి న్యాయమూర్తుల దాకా పేర్లే పేర్లు. వాటి తర్వాత రాష్ట్ర రాజ్యాంగానికి ప్రతిపాదించిన 11 సవరణలు. అదంతా ఇంగ్లిష్, స్పానిష్, క్రియోల్ భాషల్లో, పది పన్నెండు పేజీల మేర. చదువుకుంటూ, ఒక్కో గడినీ పెన్నుతో నింపుకుంటూ పోవాలి. మన ఓటరు గుర్తు చూసి మీట నొక్కి వచ్చేస్తాడు. హైతీలోనూ ఓటుకు గుర్తులే ఆధారం. 1990లో కోడిపుంజు గుర్తు చూసి జనం అరిస్టీడ్‌ను అధ్యక్షుడిగా గెలిపించారు. ఇక్కడ గుర్తులుండవు. పెద్దగా చదువుకోని మనిషికి ఈ కాగితాల కట్ట నిజంగానే కొండ.

ఆ కాగితం మీద క్రియోల్ ఉండడం వాషింగ్టన్ పుణ్యం కాదు. మైనారిటీ భాషల్లో బ్యాలెట్ ఇవ్వాలన్న జాతీయ చట్టం స్పానిష్‌ను, ఆసియా భాషలను, అమెరికా మూలవాసుల భాషలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. క్రియోల్ అందులో లేదు. ఈ ఊరున్న మయామి-డేడ్ కౌంటీ తన సొంత నిబంధనతో ఆ లోటు పూడ్చింది. అలా పూడ్చేంత బలం ఇక్కడి హైతీ వాళ్లు ఓటు మీద ఓటు వేసి తెచ్చుకున్నారు. 2001లో నార్త్ మయామికి తమవాడైన జోసఫా సెలెస్టాన్‌ను మేయర్‌గా ఎన్నుకున్నారు కూడా.

మీ పక్కన ఒక పెద్దాయన, నెరిసిన జుట్టు, కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు. ఆ వయసు హైతీ మనిషికి పోలింగ్ క్యూ అంటే ఏం గుర్తొస్తుందో ఊహించండి. 1987 నవంబర్ 29న హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లోని రుయెల్ వయాన్ వీధిలో, బడిలో పెట్టిన పోలింగ్ కేంద్రం దగ్గర, ఓటు కోసం వచ్చినవాళ్లను సాయుధులు తుపాకులతో, కత్తులతో చంపారు. ఎన్నిక ఆ రోజే రద్దయింది. మూడేళ్ల తర్వాత జనం మళ్లీ క్యూ కట్టి ఎన్నుకున్న అరిస్టీడ్‌ను ఏడాది తిరక్కుండానే సైన్యం దించేసింది. వేలమంది పడవలెక్కి సముద్రంలోకి దిగారు. వలస వచ్చినవాళ్లకు ఓటంటే పట్టింపు లేదని తేలిగ్గా అనేవాళ్లు ఈ క్యూలో ఒక్క గంట నిలబడాలి. ఇక్కడ ఎవరూ కాల్చరు. కానీ నిలబెట్టి నిలబెట్టి విసిగిస్తారు. విసిగి ఇంటికి వెళ్లిపోయిన మనిషి ఓటు కూడా పోయిన ఓటే. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

క్యూలో కలకలం. 102 ఏళ్ల డెసిలీన్ విక్టర్ మళ్లీ వచ్చింది. హైతీలో పుట్టి, ఫ్లోరిడాలోని బెల్ గ్లేడ్ పొలాల్లో పనిచేసి, 2005లో అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి. ఆరు గంటలు పట్టొచ్చని మొదట ఆమెకు చెప్పారు. గంటల తరబడి నిలబడింది. తర్వాత రమ్మంటే వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చింది. క్యూలో జనం ఆమెకు తోడుగా ఉండిపోయారు. ఓటేసినట్టు చెప్పే స్టిక్కర్ అంటించుకోగానే కేకలు, చప్పట్లు. మీరూ కొడుతున్నారు. మీ వంతు మాత్రం ఇంకా రాలేదు.

2013 ఫిబ్రవరి 12న అధ్యక్షుడు ఒబామా అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగిస్తూ ఆమె కథ చెప్పాడు. అతిథుల వరుసలో ఉన్న ఆమె కోసం సభ్యులు లేచి నిలబడ్డారు. ఆ ఏడాదే ఫ్లోరిడా ముందస్తు ఓటింగును 14 రోజుల వరకు పెంచుకునే వీలు తిరిగి ఇచ్చింది, కేంద్రాలు పెంచుకోనిచ్చింది. 2021 నవంబర్‌లో, డెసిలీన్ ఒకప్పుడు పనిచేసిన బెల్ గ్లేడ్ కూడా ఉన్న నియోజకవర్గంలో, డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ జరిగింది. హైతీ తల్లిదండ్రుల బిడ్డ షీలా షెర్ఫిలస్-మెకార్మిక్ అందులో గెలిచి, తర్వాతి జనవరిలో కాంగ్రెస్‌కు ఎన్నికైంది. ఆ ప్రైమరీలో ఆమెకు వచ్చిన ఆధిక్యం 5 ఓట్లు.