ఈమ్ (డెర్బీషైర్)

ఈమ్ ఇంగ్లాండు దేశములోని డెర్బీషైర్ కౌంటీకి చెందిన ఒక చిన్న గ్రామము. ఇది పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనము పరిధిలో, కొండల నడుమ ఉన్నది. జనాభా సుమారు వెయ్యి. పూర్వము ఇక్కడి ప్రజలకు సేద్యముతో పాటు సీసపు గనులు జీవనాధారముగా ఉండేవి. 1665-66 సంవత్సరాలలో ప్లేగు సోకినపుడు, వ్యాధి పొరుగు ఊళ్ళకు ప్రాకకుండా తమను తామే నిర్బంధించుకొన్న గ్రామముగా ఇది ప్రసిద్ధి చెందినది. అందువలన దీనిని "ప్లేగు గ్రామము" అని కూడా అంటారు.

ప్లేగు చరిత్ర

1665లో లండను నుండి ఇక్కడి దర్జీకి వచ్చిన బట్టల మూటలోని చిన్న పురుగుల ద్వారా వ్యాధి వచ్చినదని ప్రతీతి. ఆ బట్టలను ఆరబెట్టిన జార్జి వికర్స్ అను సహాయకుడు సెప్టెంబరు 7న మొదట మరణించాడు. శీతాకాలములో తగ్గిన వ్యాధి 1666 వేసవిలో మరల విజృంభించినది.

అప్పటి చర్చి మతాచార్యుడు విలియం మాంపెసన్, అంతకు ముందు పదవి కోల్పోయిన ఆచార్యుడు థామస్ స్టాన్లీ మతభేదాలను ప్రక్కనబెట్టి ప్రజలను ఒప్పించారు. వారి నిర్ణయములు మూడు:

* ఎవరి మృతులను వారే తమ పొలములోనో తోటలోనో పూడ్చుకొనుట.
* ప్రార్థనలను చర్చిలో గాక ఆరుబయట జరుపుట.
* ఊరి పొలిమేర దాటి ఎవరూ వెళ్ళకుండుట.

ఛాట్స్‌వర్త్‌లో నివసించే డెవన్‌షైర్ ప్రభువు ఆహారము పంపి సహాయపడ్డాడు. 1666 ఆగష్టులో ఎలిజబెత్ హాన్‌కాక్ అను స్త్రీ ఎనిమిది రోజులలో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతోనే పూడ్చవలసి వచ్చినది. మాంపెసన్ భార్య కాథరీన్ కూడా ఆ నెలలోనే మరణించినది. నవంబరు నాటికి వ్యాధి ఆగిపోయినది. మృతులు సుమారు 260 మంది.

గ్రామ జనాభా అప్పుడు 350 మాత్రమేనని చాలాకాలము చెప్పేవారు. అంతకు రెట్టింపు ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు భావించారు. నిర్బంధమునకు ముందే కొందరు స్థితిమంతులు ఊరు విడిచారు. మాంపెసన్ కూడా తన పిల్లలను ముందుగానే పంపివేశాడు. కనుక ఈ త్యాగభారము ఎక్కువగా వెళ్ళుటకు వేరే చోటులేని పేదలపైననే పడినది. ఇండ్లలో కలిసి ఉండుట వలన గ్రామములో మరణాలు పెరిగి ఉండవచ్చునన్న వాదన కూడా కలదు.

దర్శనీయ స్థలములు

* సెయింట్ లారెన్స్ చర్చి: ఆవరణలో ఆంగ్లో-సాక్సన్ కాలము నాటి శిలువ, కాథరీన్ సమాధి, గోడపై 1775 నాటి నీడ గడియారము ఉన్నవి.
* సరిహద్దు రాయి: స్టోనీ మిడిల్టన్ గ్రామమునకు పోవు దారిలో ఉన్నది. దీని గుంటలలో వెనిగర్ పోసి నాణెములు ఉంచేవారు. పొరుగువారు వాటిని తీసుకొని సరుకులు పెట్టి వెళ్ళేవారు.
* మాంపెసన్ బావి: ఊరికి ఉత్తరమున గల నీటి ఊట. ఇక్కడ కూడా సరుకుల మార్పిడి జరిగేది.
* రైలీ సమాధులు: హాన్‌కాక్ కుటుంబము వారివి.
* కక్లెట్ డెల్ఫ్: ఆరుబయట ప్రార్థనలు జరిగిన లోయ.
* ఈమ్ హాల్: 17వ శతాబ్దపు భవనము.
* ఈమ్ మ్యూజియము: 1994లో ప్రారంభమైనది.

సమాజ జీవనము

ప్రతి యేటా ఆగష్టు చివరి ఆదివారమును "ప్లేగు ఆదివారము"గా పాటించి, కక్లెట్ డెల్ఫ్‌లో ప్రార్థన జరుపుతారు. ఆ రోజులలోనే బావుల అలంకరణ జరుగుతుంది. ఇది డెర్బీషైర్ ప్రాంతపు ఆచారము. చెక్క పలకలపై తడి బంకమన్ను పరచి, పూరేకులు, ఆకులు, గింజలు, నాచు అద్ది చిత్రములు రూపొందిస్తారు. గ్రామస్థులు చాలామంది కలిసి చేయు పని ఇది. మన్ను ఆరిపోగానే చిత్రము చెడిపోతుంది గనుక యేటా క్రొత్తగా చేయవలసినదే.

ప్లేగు కాలమున కుటుంబములు నివసించిన కుటీరముల ముందు, అచ్చట మరణించిన వారి పేర్లతో ఫలకములు పెట్టినారు. వాటిలో కొన్ని ఇండ్లలో నేటికీ ప్రజలు కాపురముంటున్నారు. 2020లో కోవిడ్-19 వ్యాపించినపుడు ఈ గ్రామ చరిత్ర మరల ప్రపంచ దృష్టిని ఆకర్షించినది.