ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు పట్టు

సాఫ్ట్‌బాల్ ఆటలో బ్యాటరు బ్యాటు పిడిని రెండు చేతులతో పట్టుకొనే తీరును బ్యాటు పట్టు అంటారు. శిక్షకులు సాధారణంగా నేర్పే పట్టు ఒకటి ఉన్నది. దానికి భిన్నమైన వాటిని అసాధారణ పట్లుగా వ్యవహరిస్తారు. ఏ చేయి పైన ఉండవలెనో, ఏ చేయి క్రింద ఉండవలెనో ఆట నియమాలు నిర్దేశించవు. కనుక అసాధారణ పట్టు నియమవిరుద్ధం కాదు, అలవాటుకు విరుద్ధం మాత్రమే. తెలుగునాట సాఫ్ట్‌బాల్ మైదానానికి వచ్చే పిల్లలలో చాలామంది అంతకు ముందే క్రికెట్ బ్యాటు పట్టినవారు. అందుచేత పట్టును సరిదిద్దడమా, ఉన్నదున్నట్లు వదిలివేయడమా అన్న ప్రశ్న ఇక్కడి వ్యాయామ ఉపాధ్యాయులకు తరచుగా ఎదురవుతుంది.

నేపథ్యం

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని షికాగో నగరంలో, ఫారగట్ బోట్ క్లబ్బులో పుట్టినది. జార్జ్ హాన్‌కాక్ అనే విలేఖరి ఒక బాక్సింగ్ తొడుగును బంతిలా చుట్టి కట్టగా, చీపురు కర్రను బ్యాటుగా వాడి నాలుగు గోడల మధ్య ఆడారు. అంటే ఈ ఆటలో మొట్టమొదటి పట్టు చీపురు కర్రను పట్టిన పట్టే. భారత సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడినది. పాఠశాలల జాతీయ క్రీడలలోను, విశ్వవిద్యాలయాల పోటీలలోను ఈ ఆటకు స్థానం ఉన్నది. ఒలింపిక్ క్రీడలలో మహిళల సాఫ్ట్‌బాల్ 1996 నుండి 2008 వరకు నాలుగు పర్యాయాలు జరిగి, తరువాత తొలగించబడి, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మరల కనిపించినది. 2008లోను, టోక్యోలోను జపాన్ జట్టు స్వర్ణ పతకం గెలుచుకున్నది.

ఈ ఆటలో నిదానంగా బంతి వేసే స్లోపిచ్, వేగంగా వేసే ఫాస్ట్‌పిచ్ అని రెండు రకాలు ఉన్నవి. ఈ వ్యాసం రెండవదానికి సంబంధించినది.

కాలవ్యవధి

మహిళల ఫాస్ట్‌పిచ్‌లో పిచ్చరు నిలుచునే పలకకు, హోమ్ ప్లేటుకు మధ్య దూరం 43 అడుగులు (13.11 మీటర్లు). పురుషులకు ఇది 46 అడుగులు. పిచ్చరు చేతిని గాలిమర వలె పూర్తిగా తిప్పి, తుంటి ప్రక్కనుండి బంతిని విడుస్తుంది. విడిచే సమయానికి ఆమె ఒక పెద్ద అడుగు ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి, బంతి వాస్తవంగా ప్రయాణించేది సుమారు 11 మీటర్లే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సుమారు 0.4 సెకనులో దాటుతుంది. బంతిని చూడడం, కొట్టాలో వద్దో నిర్ణయించుకోవడం, బ్యాటు తిప్పడం, ఈ మూడూ ఆ లోపలే జరగవలెను. బ్యాటును సిద్ధంగా పట్టుకొనే తీరులో చిన్న లోపం ఉన్నా దానిని సరిచేసుకొనే వ్యవధి బ్యాటరుకు దొరకదు.

సాధారణ పట్టు

కుడిచేతివాటం బ్యాటరు ఎడమ చేతిని పిడి చివరనున్న గుబ్బకు ఆనించి, దానికి తాకేటట్లు పైన కుడి చేతిని ఉంచుతుంది. పిడి అరచేతి లోపల గాక వేళ్ళ మొదళ్ళలో ఉండవలెను. తలుపు తట్టేటప్పుడు తగిలే వేలి కణుపులు ఉన్నవి కదా, రెండు చేతుల ఆ కణుపులు ఇంచుమించు ఒకే వరుసలోకి రావలెనని చెబుతారు. అప్పుడు మణికట్లు సులభంగా తిరుగుతాయి. పిడిని అరచేతిలోకి నెట్టి బిగించి పట్టుకుంటే కణుపుల వరుస చెదిరి, మణికట్లు బిగుసుకుపోయి, బ్యాటు ఆలస్యంగా వస్తుంది. మొదటిసారి బ్యాటు పట్టిన పిల్లలు భయంతో చేసేది సరిగా ఇదే.

క్రికెట్ నుండి వచ్చిన చేయి

ఏఎస్ రావు నగర్, నాచారం, ఉప్పల్ వంటి హైదరాబాదు తూర్పు ప్రాంతాలలో పిల్లల చేతికి మొదట దొరికేది క్రికెట్ బ్యాటే. ఉప్పల్‌లో అంతర్జాతీయ క్రికెట్ మైదానమే ఉన్నది. పల్లెలలోనైతే అంతకంటె ముందు బిళ్ళంగోడు ఉన్నది, తెలంగాణలో దీనినే చిర్రగోనె అంటారు. అందులో కర్రను ఒంటి చేత్తో పట్టుతారు కాబట్టి రెండు చేతుల పొందిక అనే సమస్యే రాదు.

క్రికెట్‌కు, సాఫ్ట్‌బాల్‌కు చేతుల వరుస ఒకటే. కుడిచేతివాటం వారికి రెండింటిలోను ఎడమ చేయి పిడి చివర ఉంటుంది. అయితే పేర్లు తారుమారు అవుతాయి. క్రికెట్‌లో బ్యాటు నేలవైపు వ్రేలాడుతుంది గనుక 'పై చేయి' అంటే ఎడమ చేయి. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు భుజం మీదుగా ఆకాశంవైపు నిలుస్తుంది గనుక 'పై చేయి' అంటే కుడి చేయి. 'పై చేయి వదులు చెయ్యి' అని శిక్షకుడు అన్నప్పుడు క్రికెట్ నుండి వచ్చిన పిల్ల వేరొక చేతిని వదులు చేయడంలో ఆశ్చర్యం లేదు. చేయి పేరు చెప్పకుండా 'గుబ్బ దగ్గరి చేయి' అనడం మేలు.

రెండవ భేదం బ్యాటు ఆకారంలో ఉన్నది. క్రికెట్ బ్యాటుకు చదునైన ముఖం ఉన్నది, 4.25 అంగుళాల వరకు వెడల్పు ఉండవచ్చును. ఆ ముఖం ఎటు తిరిగి ఉన్నదన్నదే క్రికెట్ పట్టులో ముఖ్యం. సాఫ్ట్‌బాల్ బ్యాటు గుండ్రనిది, దాని వ్యాసం 2.25 అంగుళాలకు మించరాదు. దానికి ముఖం లేదు. అందుచేత క్రికెట్ ఆటగాడు ముఖాన్ని నియంత్రించడానికి నేర్చుకున్న బిగింపు ఇక్కడ అనవసరం.

మూడవది మైదానం. క్రికెట్‌లో బంతిని చుట్టూ ఎటైనా కొట్టవచ్చును. సాఫ్ట్‌బాల్‌లో హోమ్ ప్లేటు నుండి 90 డిగ్రీల కోణంలో పడిన బంతి మాత్రమే చెల్లుతుంది, మిగిలినది ఫౌల్. హైదరాబాదు బ్యాట్స్‌మెన్‌కు పేరు తెచ్చిన మణికట్టు విరుపు, అనగా ఆఫ్ స్టంపు బంతిని లెగ్ వైపు త్రిప్పడం, ఇక్కడ తొందరపడి ప్రయోగిస్తే అందమైన ఫౌల్ అవుతుంది.

అసాధారణ పట్లు

పిడిపై చేతులను ఒకటి రెండు అంగుళాలు పైకి జరిపి పట్టడం వీటిలో అత్యంత సాధారణమైనది. దీనివలన బ్యాటు తేలికగా తిరుగుతుంది, కాని అందే దూరం, దెబ్బ బలం కొంత తగ్గుతాయి. బరువైన బ్యాటు ఇచ్చినప్పుడు చిన్నపిల్లలు తమంతట తామే ఇలా పట్టుకుంటారు. అది తప్పు కాదు, బ్యాటు పెద్దదని పిల్ల చెప్పే తీరు. పాఠశాలలలో జట్టు మొత్తానికి రెండు మూడు బ్యాట్లే ఉండే చోట ఈ పట్టును నిషేధించడం అన్యాయం.

దీనికి విరుద్ధంగా చిటికెన వేలిని గుబ్బ క్రిందికి జార్చి పట్టేవారు ఉన్నారు. బ్యాటు పొడవు మరికొంత కలిసివచ్చి దెబ్బకు బలం పెరుగుతుంది, అదుపు తగ్గుతుంది. గోల్ఫ్‌లో వలె ఒక చేతి వేలిని రెండవ చేతి వేలిపై ఎక్కించే పట్టు కూడా కనిపిస్తుంది.

చేతుల మధ్య ఖాళీ వదిలి పట్టడం పాత బేస్‌బాల్ పద్ధతి. టై కాబ్ అలా పట్టి ఆడినవాడే. ఫాస్ట్‌పిచ్‌లో బంతిని మెల్లగా నేలకు దింపే 'బంట్'కు ఇదే ఆధారం. పై చేతిని బ్యాటు మధ్యకు జార్చి, వేళ్ళను బ్యాటు వెనుక దాచుకొనవలెను. వేళ్ళు ముందుకు వస్తే బంతి నేరుగా వాటికే తగులుతుంది.

అన్నింటికంటె విచిత్రంగా తోచేది అడ్డచేతుల పట్టు. కుడిచేతివాటం బ్యాటరు కుడి చేతిని గుబ్బ దగ్గర, ఎడమ చేతిని దానిపైన ఉంచుతుంది. బ్యాటు తిరిగేటప్పుడు మోచేతులు ఒకదానికొకటి అడ్డుపడి, చేతులు పూర్తిగా చాచడం కష్టమవుతుంది. అయినను 755 హోమ్ రన్నులు చేసిన హ్యాంక్ ఆరన్ బాల్యంలో ఇలాగే ఆడేవాడు. 1952లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ జట్టులో చేరేనాటికి కూడా ఆ అలవాటు పోలేదు. తరువాత చేతులు మార్చుకొన్నాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అడ్డచేతుల పట్టులోని చేతుల వరుస, ఎడమచేతివాటం బ్యాటరుకు సహజమైన వరుస ఒకటే. అటువంటి పిల్లను చేతులు మార్చమనకుండా ప్లేటుకు అవతలి ప్రక్క నిలబెడితే, అసాధారణ పట్టు ఆ క్షణమే సాధారణ పట్టు అవుతుంది. ఫాస్ట్‌పిచ్‌లో ఎడమ ప్రక్కకు విలువ ఎక్కువ. అక్కడినుండి మొదటి బేసు దగ్గర. బేసుల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి ఒకటి రెండు అడుగుల ఆధిక్యం కూడా లెక్కకు వస్తుంది. పరుగు మొదలుపెడుతూనే బంతిని తట్టే 'స్లాప్' అనే పద్ధతి ఎడమ ప్రక్క నిలిచేవారిదే. బంతి తగిలే సమయానికి ఆమె పాదం పూర్తిగా గడి బయట నేలపై ఉంటే మాత్రం అవుట్. వేగంగా పరుగెత్తగల కుడిచేతివాటం పిల్లలకు శ్రమపడి ఈ వరుస నేర్పుతుంటారు. అడ్డచేతుల పిల్లకు అది ముందే వచ్చి ఉన్నది!

పట్టు మార్పు

పట్టు మార్పుకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ క్రికెట్‌లోనే ఉన్నది. 1984-85లో ఇంగ్లండుపై తన మొదటి మూడు టెస్టులలోను శతకాలు చేసిన హైదరాబాదు ఆటగాడు మొహమ్మద్ అజహరుద్దీన్ 1989 నాటి పాకిస్తాన్ పర్యటన సమయానికి పరుగులు రాక ఇబ్బందిపడుతున్నాడు. పాకిస్తాన్ మాజీ ఆటగాడు జహీర్ అబ్బాస్ అతనికి పట్టు కొద్దిగా మార్చమని సలహా ఇచ్చాడు. ఫైసలాబాదు టెస్టు రెండవ ఇన్నింగ్సులో అజహరుద్దీన్ 109 పరుగులు చేశాడు. అయితే అప్పటికి అతను అయిదేళ్ళ టెస్టు అనుభవం గలవాడు, మార్పు కూడా స్వల్పమైనది. పోటీకి రెండు రోజుల ముందు పదమూడేళ్ళ పిల్ల చేతులను పూర్తిగా మార్చడాన్ని దీనితో పోల్చరాదు. మార్పు అవసరమైతే పోటీలు లేని నెలలలో, ముందు స్టాండుపై నిలిపిన బంతితోను, తరువాత నిదానంగా విసిరిన బంతితోను అలవాటు చేయించవలెను.

పట్టును మార్చకుండానే సరిచేసే ఉపాయాలూ ఉన్నవి. 2007 ప్రపంచ కప్పు ఫైనల్‌లో శ్రీలంకపై 104 బంతులలో 149 పరుగులు చేసిన ఆడమ్ గిల్‌క్రిస్ట్, తన ఎడమచేతి తొడుగులో స్క్వాష్ బంతిని ఉంచుకొన్నాడు. ఆ చేయి పిడిని అతిగా బిగించకుండా ఆ బంతి అడ్డుకొన్నది.

గాయాలు

అలవాటు అని చెప్పి విడిచిపెట్టకూడనివి రెండు ఉన్నవి. మొదటిది బొటనవేలిని పిడి వెంబడి నిలువుగా చాచడం. బంతి అదురుకు ఆ వేలు బెణుకుతుంది. రెండవది గుబ్బను అరచేతి మడమలో ఇముడ్చుకొని పట్టడం. చిటికెన వేలి వైపు మణికట్టులో హామేట్ అనే చిన్న ఎముక ఉన్నది, దానికి కొక్కెం వంటి భాగం ఒకటి పొడుచుకొని ఉంటుంది. గుబ్బ ఆ కొక్కేనికి మరల మరల తగిలినా, ఒక్కసారి గట్టిగా తగిలినా అది విరగవచ్చును. సాధారణ ఎక్స్‌రేలో ఈ విరుగుడు తరచుగా కనిపించదు, సీటీ స్కాన్ అవసరం అవుతుంది. పిడి చివర పట్టిన చేతిలో, చిటికెన వేలి క్రింద, బ్యాటు తిప్పినప్పుడల్లా నొప్పి వస్తున్నదని పిల్ల చెబితే ఆట ఆపించి ఎముకల వైద్యునికి చూపించవలెను.

బ్యాటు విషయంలో నియమాలు పట్టుపట్టేది చేతుల వరుస గురించి కాదు, జారకుండా ఉండటం గురించి. పిడిపై జారని చుట్టు 10 అంగుళాలకు తగ్గక, 15 అంగుళాలకు మించక ఉండవలెను. చివర గుబ్బ తప్పనిసరి. చుట్టు ఊడిపోయిన బ్యాటును అంపైరు ఆటనుండి తొలగించవచ్చును.