తాళాల గుత్తి

మా రావిర్యాలలో మేడమీద బట్టలు ఆరేస్తూ తలెత్తితే చాలు, శంషాబాద్‌లో దిగబోయే విమానం పొట్ట కనబడుతుంది. మొన్న మా మేనత్త దానికేసి చూస్తూ, "ఇవన్నీ మునుపు బేగంపేటల దిగేటియి" అంది. కాస్సేపాగి, "నేను చదువుతానన్న కాలేజీ గూడ ఆడనే ఉన్నది" అంది.

ఎనభై దాటిన మేనత్త నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పట్నంలో బంధువులింట ఉండి మెట్రిక్ పాసయిందట. ఆడపిల్లలకు కొత్త కాలేజీ పెట్టారని విని తాతను అడిగిందట. "మెట్రిక్ సాలు బిడ్డా, ఇంకా సదివి ఏం జేస్తవు?" అన్నాడట తాత. ఆ ఏడే పెళ్ళి.

ఆ కాలేజీ సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల. 1959లో సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే కాథలిక్ కన్యాస్త్రీలు స్థాపించారు. అంతకు ముందు నగరంలో ఆడపిల్లలకు కాలేజీయే లేదనుకునేరు! నాంపల్లిలో 1924లో మొదలైన మహిళా కళాశాల 1949 నుంచీ కోఠీ రెసిడెన్సీ భవనంలో నడుస్తోంది. లేనిదల్లా తండ్రుల ధైర్యమే.

ఈ కన్యాస్త్రీల కథ ఎక్కడ మొదలైందో తెలుసుకుంటే నాకు ముచ్చటేసింది. ఇటలీలో ఒక సరస్సు ఒడ్డున లోవెరె అనే ఊరు. అక్కడ 1807లో పుట్టిన బార్తొలొమెయా కపితానియో పేదింటి ఆడపిల్లలకు చదువు చెప్పేది. తనకంటే ఇరవై రెండేళ్ళు పెద్దదైన విన్సెంజా జెరోసాను తోడు చేసుకుని, 1832 నవంబరులో ఒక చిన్న ఇంట్లో సంస్థ మొదలుపెట్టింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి, ఇరవై ఆరేళ్ళకే కన్నుమూసింది. మరొకరైతే ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయేవారేమో. విన్సెంజా వెళ్ళలేదు. 1847లో పోయేదాకా సంస్థను నిలబెట్టింది. 1860లో నలుగురు సిస్టర్లు ఓడెక్కి బెంగాలుకు వచ్చారు. మరో తొంభై తొమ్మిదేళ్ళకు మన హైదరాబాదులో కాలేజీ వెలిసింది. ఆ ఇద్దరినీ 1950లో చర్చి పునీతులుగా ప్రకటించింది.

అలాగని చర్చి పెద్దలు ఆడవాళ్ళ చదువుకు ఎప్పుడూ తలుపులు బార్లా తీసి కూర్చున్నారని కాదు. అదే ఇటలీలో ఎలెనా కోర్నారో పిస్కోపియా అనే వెనిస్ అమ్మాయి పాదువా విశ్వవిద్యాలయాన్ని దైవశాస్త్రంలో డాక్టరేటు అడిగింది. ఆడదానికి ఆ పట్టా ఏమిటని బిషప్ ఒప్పుకోలేదు. చివరికి 1678లో తత్త్వశాస్త్రంలో ఇచ్చారు. ఎంత పెద్ద పండితురాలైనా, ఏ సబ్జెక్టు తీసుకోవాలో మాత్రం ఇంకొకరు చెప్పాల్సిందే! మా తాత ఒక్కడే అనుకున్నానుగానీ, ఆయనకు చుట్టాలు చాలా దూరాన కూడా ఉన్నారన్నమాట.

కాలేజీ సంగతీ ఒక రకంగా కొత్త కోడలి సంగతే. వండేది కోడలు, ఉప్పూ కారం ఎంతో చెప్పేది అత్తగారు. పాఠం చెప్పేది కాలేజీ. ఏ పాఠం చెప్పాలో, ప్రశ్నపత్రంలో ఏమడగాలో నిర్ణయించేది మాత్రం ఉస్మానియా విశ్వవిద్యాలయం. అలా ఇరవై తొమ్మిదేళ్ళు గడిచాయి. మంచి కాలేజీలకు కాస్త స్వేచ్ఛ ఇవ్వమని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. మద్రాసు లయోలా కాలేజీకి ఆ స్వయంప్రతిపత్తి 1978లో దక్కింది. 1986 నాటి జాతీయ విద్యావిధానం ఇంకాస్త ముందుకు తోసింది. 1988లో సెయింట్ ఫ్రాన్సిస్‌కు తాళాల గుత్తి చేతికొచ్చింది. అప్పటినుంచీ పాఠ్యాంశాలు తనవే, ప్రశ్నపత్రాలు తనవే, పరీక్షలు తనవే. ఇల్లు మాత్రం అత్తగారి పేరునే ఉంది. పట్టా ఇచ్చేది ఉస్మానియాయే.

మరి విశ్వవిద్యాలయం ఎందుకు కాలేదంటారా? అది గుమ్మానికి ఎవరికివారు తగిలించుకునే బోర్డు కాదండీ. పార్లమెంటో శాసనసభో చట్టం చెయ్యాలి, లేదా యూజీసీ సలహా మీద కేంద్రం ఆ హోదా ఇవ్వాలి. కోఠీ కాలేజీకి ఆ యోగం 2022లో పట్టింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. బడి మొహం చూడని ఐలమ్మ పేరు విశ్వవిద్యాలయం గేటు మీద ఉండటం చూస్తే నా కడుపు నిండిపోతుంది.

ఇదంతా మేనత్తకు చెప్పాను. ఆవిడకు ఇటలీ కంటే పరీక్షల సంగతే నచ్చింది. "గయితే ప్రశ్నలు గూడ వాళ్ళే రాసుకుంటరా?" అని రెండుసార్లు అడిగింది. బొడ్లో దోపుకున్న బీరువా తాళాలు సర్దుకుంటూ నవ్వింది.

సాయంత్రం ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో ఏం చేర్పించాలా అని ఇంట్లో పెద్ద చర్చట. తండ్రి కామర్స్ అంటున్నాడు, తల్లి కంప్యూటర్స్ అంటోంది. మేనత్త ఫోన్ లాక్కుని కొడుకుని పిలిపించింది.

"దానికేం గావాల్నో దాన్ని అడిగినవా?" అంది. అవతల చప్పుడు లేదు. "అయితే ఫోన్ దానికియ్యి."