అరుప్పుకోట్టై కన్నడిగులు

అరుప్పుకోట్టై తమిళనాడు రాష్ట్రమందలి విరుదునగర్ జిల్లాకు చెందిన పురపాలక పట్టణము. ఇది చేనేతకు పేరొందినది. ఇక్కడి నేతకారులలో దేవాంగులు ఒక ముఖ్య వర్గము. వీరిలో అనేకుల ఇంటి భాష కన్నడము.

జనులు

దేవాంగుల కులదైవము చౌడేశ్వరీదేవి. తమ మూలపురుషుడు దేవల మహర్షి యని వీరి నమ్మకము. ఆంధ్రదేశపు దేవాంగులు తెలుగు మాట్లాడుదురు. తమిళనాట తెలుగు దేవాంగులు, కన్నడ దేవాంగులు ఇరువురును కలరు. కులము, కులదైవము ఒకటే. ఇంటి మాట మాత్రము వేరు. ఈ వర్గము పేరిట అరుప్పుకోట్టైలో దేవాంగ కళాశాల నడచుచున్నది.

భాష

కన్నడము, తెలుగు రెండును ద్రావిడ భాషలు. 2008లో ఈ రెండింటికిని ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో కన్నడము మాతృభాషగా గలవారు సుమారు 4.37 కోట్లు. పాత కన్నడములో పదాదిని ఉన్న 'ప'కారము కాలక్రమమున 'హ'కారమైనది. అందువలన మన పాలు వారికి హాలు, మన పువ్వు హూవు, మన పులి హులి, మన పల్లె హళ్ళి అయినవి. ఈ సూత్రము తెలిసిన తెలుగువారికి కన్నడము సగము తెలిసినట్లే.

లిపి

తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపినుండి చీలినవి. తెలుగు చదువరి కొద్దిపాటి అభ్యాసముతో కన్నడ అక్షరములను గుర్తింపగలడు. అరుప్పుకోట్టై పిల్లల బడిచదువు మాత్రము తమిళములో సాగును. కన్నడము చెవికి తెలిసినను కంటికి తెలియదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. కనుక 'గాళి' (గాలి) అని వ్రాసినను, 'కాళి' (దేవత) అని వ్రాసినను ఒకే రూపము వచ్చును. పెద్దల నోటి పలుకు కాగితముపై నిలుపుట ఇందుచేతనే కష్టము.

మనకు సంబంధమేమి?

ఈ ప్రాంతపు నల్లరేగడి పల్లెలలోని తెలుగువారిదియు ఇదే స్థితి. కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. తెలుగువారి వలస కథను ఆయన తమిళములోనే వ్రాసెను. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. ఆయన 2021లో మరణించెను.

ఇంట మాట్లాడినంత కాలము భాష బ్రతుకును. అయితే అవ్వ పాట, తాత సామెత, మగ్గపు పనిముట్ల పేర్లు వారితోనే పోకుండ నిలువవలెనన్న అక్షరము కావలెను. సరిహద్దు పల్లెల కుటుంబములు సెలవు దినములలో పిల్లలకు తమ లిపి నేర్పినచో, పొరుగు లిపియు చాలవరకు వారికి చేరువగును.