పైలట్ లైసెన్సు వచ్చింది.. ప్రాంతీయ విమానంలో సీటు ఎప్పుడు? నియామకం, శిక్షణ, పదోన్నతి ఇలా

కడప విమానాశ్రయంలో ఎక్కువగా కనిపించేది ఏటీఆర్-72. రెండు ప్రొపెల్లర్లు, 70 నుంచి 78 సీట్లు, కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు. ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు ఫస్ట్ ఆఫీసర్‌ది. ఆ కుడి సీటు కోసమే ఎన్నో కుటుంబాలు పొలమో ఇల్లో తాకట్టు పెట్టి, అర కోటికి అటూఇటూ ఖర్చు చేసి పిల్లల చేత కమర్షియల్ పైలట్ కోర్సు చేయిస్తున్నాయి. అయితే లైసెన్సు రావడం వేరు, సీటు రావడం వేరు.

లైసెన్సుకు 18 ఏళ్ల వయసు, క్లాస్-1 మెడికల్, కనీసం 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు సొంతంగా కమాండ్‌లో నడిపి ఉండాలి. ఇదంతా ఎక్కువగా సెస్నా లాంటి చిన్న విమానాల మీదే జరుగుతుంది. దాదాపు 23 టన్నుల ఏటీఆర్‌ను నడపాలంటే దానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ ఉండాలి.

నోటిఫికేషన్ ఎప్పుడు?

చిన్న సంస్థల్లో నియామకాలకు క్యాలెండర్ ఉండదు. కొత్త విమానాలు వస్తున్నప్పుడో, ఉన్న పైలట్లు పెద్ద సంస్థలకు వెళ్లిపోయినప్పుడో ప్రకటన వస్తుంది. రాత పరీక్ష, సైకోమెట్రిక్ పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ సాధారణంగా ఉండే దశలు. కొన్ని ప్రకటనలు టైప్ రేటింగ్ ఉన్నవారినే అడుగుతాయి. ఏ విమానం మీద ఉద్యోగం వస్తుందో తెలియకుండా లక్షలు పోసి ముందే టైప్ రేటింగ్ చేయడం జూదమే. ఎయిర్‌బస్ రేటింగ్ ఏటీఆర్‌కు పనికిరాదు.

ఈలోగా ఖాళీగా ఉన్నా ఖర్చు ఆగదు. మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా పునరుద్ధరించుకోవాలి.

క్లాసు నుంచి కాక్‌పిట్ దాకా

ఎంపికైన వారిని బ్యాచ్‌గా తీసుకుంటారు. మొదట గ్రౌండ్ క్లాసులు: విమాన వ్యవస్థలు, పెర్ఫార్మెన్స్ లెక్కలు, ప్రమాదకర సరుకుల నిబంధనలు, అత్యవసర ద్వారాలు తెరవడం, తోటి సిబ్బందితో సమన్వయం. మన దేశంలో వర్షాకాలపు ఫ్లయింగ్‌కు ప్రత్యేక శిక్షణ కూడా ఉంటుంది. తర్వాత సిమ్యులేటర్. టేకాఫ్‌లో ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలన్నది ఇక్కడ మళ్లీ మళ్లీ చేయిస్తారు. పరీక్ష పాసై రేటింగ్ లైసెన్సులో చేరాక ప్రయాణికులున్న విమానంలో ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని నడపాలి. చివరి చెక్‌లో నెగ్గితేనే రెగ్యులర్ రోస్టర్‌లోకి వస్తారు. ఆ తర్వాత కూడా ఆరు నెలలకోసారి నైపుణ్య పరీక్ష తప్పదు.

ఏటీఆర్ మీద రోజుకు చాలాసార్లు ఎక్కడం, దిగడం ఉంటుంది. చిన్న రన్‌వేలు, పొట్టి ప్రయాణాలు. చేతి పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదన్నది మా అభిప్రాయం.

నాలుగో చార ఎప్పుడు?

కెప్టెన్ కావాలంటే 21 ఏళ్లు నిండి ఏటీపీఎల్ ఉండాలి. దానికి 1,500 గంటలు. ఏడాదికి 1,000 గంటలకు మించి నడపకూడదు గనక, 200 గంటలతో చేరిన వ్యక్తికి ఎంత వేగంగా అయినా ఏడాదికి పైనే పడుతుంది. గంటలు నిండగానే పదోన్నతి వచ్చేయదు. సంస్థలో ఖాళీ ఉండాలి, సీనియారిటీ వరసలో మీ వంతు రావాలి, కమాండ్ శిక్షణలో నెగ్గాలి. అందుకే ఏ బ్యాచ్‌లో చేరారన్నది పైకి కనిపించేదానికన్నా పెద్ద విషయం. నెల తేడాతో చేరిన బ్యాచ్‌మేట్లు ఎడమ సీటుకు మారడంలో ఏళ్ల తేడా రావచ్చు. కెప్టెన్ అయ్యాక ట్రైనింగ్ కెప్టెన్, ఎగ్జామినర్ హోదాలుంటాయి. 65 ఏళ్ల వరకు నడపవచ్చు.

సీనియారిటీకి ఉన్న చిక్కు ఒక్కటే: సంస్థ మారితే అది వెంట రాదు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్‌లతోనే నడిచింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం తొలి రోజే కడప–హైదరాబాద్ సర్వీసు నడిపిన సంస్థ అది. 2022లో ఆగిపోయింది. ఇలాంటప్పుడు పైలట్‌కు మిగిలేవి లాగ్‌బుక్‌లోని గంటలు, లైసెన్సులోని రేటింగ్. కొత్త చోట వరసలో మళ్లీ చివర నిలబడాలి. ఉడాన్ మార్గాలకు ప్రభుత్వమిచ్చే నష్టభర్తీ మూడేళ్లే కాబట్టి, ఆ తర్వాత మార్గం నిలుస్తుందా అన్నది పైలట్ కెరీర్‌కూ సంబంధించిన ప్రశ్నే.

మానేయడమూ తేలిక కాదు. డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. సంస్థ శిక్షణ ఖర్చు పెట్టుకుంటే బాండ్ అదనం.

ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు హెచ్‌ఆర్‌ను ఇవి అడగండి: టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది? శిక్షణ కాలంలో జీతం ఉంటుందా? బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సంస్థే మూతపడితే ఆ బాండ్ ఏమవుతుంది? ఇప్పుడు ఎగురుతున్న విమానాలెన్ని, మీ ముందు వరసలో ఎందరున్నారు? జవాబులు కాగితం మీద తీసుకోండి.