హనుమాన్ జంక్షన్: స్థానిక పాలన, ఓటింగ్ సరళి – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కృష్ణా జిల్లా బాపులపాడు మండల కేంద్రమైన హనుమాన్ జంక్షన్ ఆర్థికంగా పట్టణం, పాలనాపరంగా గ్రామం. ఇక్కడి ఓటరు గ్రామ పంచాయతీకి ఒక విధంగా, మండల, జిల్లా పరిషత్తులకు మరొక విధంగా, శాసనసభకు ఇంకొక విధంగా ఓటు వేయవలసిన చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. ఈ ఏర్పాటు ఎలా రూపొందింది, అది ఓటింగ్ సరళిని ఏ విధంగా ప్రభావితం చేసింది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పంచాయతీరాజ్, బాపులపాడు, గన్నవరం, ఏకగ్రీవం, పార్టీరహిత ఎన్నికలు, రిజర్వేషన్లు.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ, ఏలూరు నగరాల నడుమ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద, నూజివీడు, గుడివాడ దారులు కలిసేచోట అభయాంజనేయస్వామి ఆలయం చుట్టూ పెరిగిన ఊరు హనుమాన్ జంక్షన్. ఉత్తరాన నూజివీడు వైపు మామిడితోటల మెట్ట, దక్షిణాన గుడివాడ వైపు వరిపొలాలు, చేపల చెరువుల డెల్టా. రెండు వ్యవసాయ వ్యవస్థలకూ ఇది సంధిస్థలం. అయినా పాలనా రికార్డుల్లో ఊరి పేరు బాపులపాడు. బస్సు బోర్డుల మీద, దుకాణాల మీద కనిపించే పేరు వేరు, మండలానికి ఉన్న పేరు వేరు. ఇరుగుపొరుగు పట్టణాలైన నూజివీడు, గుడివాడలు పురపాలక సంఘాలు కాగా, జంక్షన్ పంచాయతీ పాలన కిందనే పెరిగింది.

2. స్థానిక పాలన – చట్టాల పరిణామం:
మద్రాసు రాష్ట్రంలో 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద ఓటుహక్కు ఆస్తి, పన్ను చెల్లింపులతో ముడిపడి ఉండేది. రాజ్యాంగం వయోజన ఓటుహక్కును కల్పించాక గ్రామీణ పేదలు తొలిసారిగా ఓటర్లయ్యారు. బల్వంతరాయ్ మెహతా కమిటీ (1957) సిఫార్సుల ననుసరించి 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. సర్పంచులే సమితి సభ్యులు కావడంతో, సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకొనే అధికారం సామాన్య ఓటరుకు కాక గ్రామపెద్దలకు దక్కింది. సర్పంచుల మద్దతు కూడగట్టగలిగినవారే తాలూకా రాజకీయాలను శాసించారు.

1980ల నడుమ ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితుల స్థానంలో మండలాలను నెలకొల్పింది. 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. మండలమంతటా ఓట్లు తెచ్చుకోవలసి రావడం గ్రామపెద్దల మధ్యవర్తిత్వాన్ని కొంతవరకు తగ్గించింది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం ఈ ప్రత్యక్ష ఎన్నికను తొలగించింది. ఎంపీటీసీ సభ్యులే మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకొనే పద్ధతి వచ్చింది. సర్పంచ్ మాత్రం ప్రత్యక్ష ఎన్నిక ద్వారానే వస్తాడు. అంటే 1959 నుంచి 1994 వరకు మండల స్థాయి అధికారం పరోక్షం నుంచి ప్రత్యక్షానికి, తిరిగి పరోక్షానికి మారింది.

3. మూడు ఓట్లు – ఒకే ఓటరు:
చట్టప్రకారం సర్పంచ్ ఎన్నికలు పార్టీరహితం. అభ్యర్థులకు పార్టీలతో సంబంధంలేని గుర్తులు కేటాయిస్తారు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీదనే జరుగుతాయి. అమెరికా చిన్న పట్టణాలలోనూ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ సంస్కరణల ఫలితంగా పార్టీరహిత ఎన్నికలు విస్తరించాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణాన్ని 'స్ప్రింగ్‌డేల్' అనే కల్పిత నామంతో అధ్యయనం చేసిన విడిచ్, బెన్స్‌మన్ (1958), పైకి కనిపించే స్థానిక స్వయంపాలన వెనుక కొద్దిమంది పట్టును, బయటి వ్యవస్థల మీద ఆ పట్టణం ఆధారపడిన తీరును చూపించారు. కృష్ణా డెల్టా గ్రామాలకూ ఈ పరిశీలన వర్తిస్తుంది. గుర్తు మీద పార్టీ పేరు లేకపోయినా, ఏ అభ్యర్థి ఎవరి మనిషో ఓటరుకు తెలుసు. తేడా ఏమిటంటే, ఇక్కడ పార్టీతోపాటు బంధుత్వం, వీధి, కులం, నీటి తగాదా కూడా తూకంలోకి వస్తాయి.

4. శాసనసభ ఎన్నికలు – గాలికి ఎదురు తీర్పులు:
2008 పునర్విభజన ప్రకారం బాపులపాడు మండలం గన్నవరం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. నియోజకవర్గ సరిహద్దులు కాలక్రమంలో మారినందున పాత ఫలితాలను జంక్షన్ ఓటుగా నేరుగా చదవడం సరికాదు. అయినా ఆ ఫలితాలలో ఒక పోలిక కనిపిస్తుంది.

1955 ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రంలోని 196 స్థానాల్లో కమ్యూనిస్టులు 15 మాత్రమే గెలిచారు. ఆ పదిహేనులో గన్నవరం ఒకటి. అక్కడ గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందినవారు. స్థానికేతరుణ్ణి గెలిపించింది బంధుత్వం కాదు, రైతుకూలీ ఉద్యమ నిర్మాణం. 1962లోను, కాంగ్రెస్ (ఐ) ప్రభంజనం వీచిన 1978లోను ఆయన ఇక్కడినుంచే గెలిచారు. తెలుగుదేశం 216 స్థానాలు గెలిచిన 1994లో గన్నవరం స్వతంత్ర అభ్యర్థి గద్దె రామమోహన్‌ను ఎన్నుకుంది. 2004లో కాంగ్రెస్ గెలుపు వేళ మరో స్వతంత్రుడు ముద్దరబోయిన వెంకటేశ్వరరావు గెలిచారు. వైఎస్ఆర్ కాంగ్రెస్ 175కు 151 స్థానాలు సాధించిన 2019లో తెలుగుదేశం అభ్యర్థి వల్లభనేని వంశీ వేయిలోపు ఆధిక్యంతో నెగ్గారు.

సెలిగ్ హారిసన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టు ఓటును కులప్రాబల్యంతో వివరించాడు. కృష్ణా డెల్టాకు ఆ వివరణ కొంతవరకే సరిపోతుంది. కులమే నిర్ణాయకమైతే 1955 పరాజయంలోనూ సుందరయ్య నిలవడానికి, తర్వాతి దశలో స్వతంత్రులు పెద్ద పార్టీలను ఓడించడానికి ఒకే కారణం చెప్పడం కష్టం. ఉద్యమ నిర్మాణం ఒక కాలంలో, వ్యక్తిగత అనుచరగణం మరొక కాలంలో రాష్ట్రవ్యాప్త గాలిని అడ్డుకున్నాయని భావించడం సమంజసం.

5. ఏకగ్రీవం – ఓటు లేని ఎన్నిక:
2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవ గ్రామాలకు జనాభానుబట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించారు. కక్షలు పెరగకుండా ఊరు ఒక్కమాట మీద నిలవడం మంచిదన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఆ ఒక్కమాట ఎవరిది అన్నది అసలు ప్రశ్న. రాజ్యాంగ సవరణ మహిళలకు మూడోవంతు స్థానాలు కేటాయించగా, ఆంధ్రప్రదేశ్ ఆ వాటాను సగానికి పెంచింది. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాలకూ రిజర్వేషన్లున్నాయి. పోటీ జరిగితే ఆ అభ్యర్థులు గడపగడపకూ వెళ్ళి తమ పేరును తామే నిలబెట్టుకోవాలి. పోటీ లేనప్పుడు పేరు వారిదైనా ఎంపిక పెద్దలది. 1959 సమితులలో ఓటరుకు దూరమైన నిర్ణయాధికారం ఈ దారిలో మళ్ళీ దూరమయ్యే ప్రమాదముంది.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు సేవలను ఇంటి దగ్గరకు చేర్చాయి. కానీ ఆ సిబ్బంది ఎన్నికైన పంచాయతీకంటే పై అధికారులకే ఎక్కువ జవాబుదారీ అయితే సర్పంచ్ పదవి అలంకారమవుతుంది.

6. ముగింపు:
2022 జిల్లాల పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది, బాపులపాడు కృష్ణాలోనే నిలిచింది. జంక్షన్ సంతకు వచ్చే మెట్టరైతు ఇప్పుడు పొరుగు జిల్లా ఓటరు. రహదారి, మురుగునీటి పారుదల, ఆక్రమణల వంటి పట్టణ సమస్యలను గ్రామ పంచాయతీ ఆదాయంతో పరిష్కరించవలసి రావడం ఈ ఊరి ప్రధాన వైరుధ్యం. 74వ రాజ్యాంగ సవరణ ఇలాంటి పరివర్తన దశలోని ఊళ్ళకే నగర పంచాయతీని ఉద్దేశించింది. పేరు, హోదా ఏవైనా, నిర్ణయం ఎక్కడ జరుగుతుందో ఓటు అక్కడే ఉన్నప్పుడే స్థానిక పాలన సార్థకమవుతుంది. ఏడు దశాబ్దాల గన్నవరం ప్రాంత ఎన్నికల చరిత్ర రుజువు చేసేది ఒక్కటే: ఇక్కడి ఓటరు అవకాశం దొరికిన ప్రతిసారీ గాలిని చూసి కాక తన లెక్క తాను చూసుకొని ఓటు వేశాడు. ఆ అవకాశాన్ని కాపాడటమే పంచాయతీరాజ్ వ్యవస్థకు అసలైన పరీక్ష.