జ్వరానికి రెండు రోజుల కోత

ప్రకాశం జిల్లా సింగరాయకొండకు తూర్పున, సముద్రపు ఒడ్డు వెంట సాగే బకింగ్‌హామ్ కాలువే రైలు రాకముందు చెన్నపట్నానికి రహదారి. ఉప్పూ ధాన్యమూ మనుషులూ పడవల్లోనే పోయేవి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కాబట్టి, ఆ రోజుల్లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా కిందికే వచ్చేది. చెన్నపట్నం డిపోల్లో ఒప్పందం మీద వేలిముద్ర వేసి మారిషస్‌కో, నేటాల్‌కో, ఫిజీకో ఓడెక్కిన కూలీల్లో నెల్లూరు జిల్లావాళ్లూ ఉన్నారు.

వాళ్లు ఇంటి దగ్గర ఎరిగిన లెక్క వేరు. మిరప కోతకు వెళ్లే కూలీకి జ్వరమొస్తే ఆ రోజు కూలి పోతుంది. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు మంచం పడితే ఇంట్లోంచి తమ్ముడో కొడుకో బదులు వెళ్తాడు. ఇందులో ఆసామి దయ ఏమీ లేదు, తిట్లు కావలసినన్ని పడేవి. కాకపోతే పనికి రాని రోజు నష్టం ఆ రోజుతోనే తీరిపోయేది.

మారిషస్ చెరకు తోటల్లో అలా తీరలేదు. అక్కడ అమలైన పద్ధతి పేరు డబుల్ కట్. సెలవు లేకుండా ఒక రోజు పనికి రాకపోతే ఆ రోజు జీతంతో పాటు, చేసిన పనికి రావలసిన మరో రోజు జీతం కూడా యజమాని పట్టుకునేవాడు. కాగితం మీద ఇది జబ్బు మనిషికి వేసే శిక్ష కాదు. కానీ జబ్బో ఎగవేతో తేల్చేది తోట మనుషులే. నెలకు పది రోజులు వణుకుతూ పడుకున్నవాడికి లెక్క ప్రకారం ఇరవై రోజుల జీతం ఎగిరిపోయే వీలుండేది. ఒంట్లో బాగోలేదని చెప్పడమే అనుమానానికి తావిచ్చే మాటైంది.

1867లో ఆ దీవిని మలేరియా ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. సరిగ్గా అదే ఏడాది కూలీల చట్టాన్ని మరింత బిగించారు. ఒప్పందం ముగిసిన పాత కూలీలు సైతం ఫొటో అతికించిన పాసు వెంట పెట్టుకు తిరగాలి, లేకుంటే దేశదిమ్మరి అని పోలీసులు పట్టుకుపోతారు. ఊరంతా జ్వరంతో మూలుగుతుంటే పాసులు తనిఖీ చేసిన ప్రభుత్వమది! 1871లో 9,401 మంది పాత కూలీల పేరిట గవర్నరుకు ఒక అర్జీ వెళ్లింది. దాని వెనక నిలిచింది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్ల తోటదారు. తోటివారు అతణ్ని దుమ్మెత్తిపోశారు. అయినా లండన్ నుంచి విచారణ సంఘం రాక తప్పలేదు. డబుల్ కట్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది. 1907లో అక్కడికి చేరిన బారిస్టర్ మణిలాల్ డాక్టర్ దాని మీద గట్టిగా పోరాడాడు. రద్దయింది 1909లో.

మలయా రబ్బరు తోటల్లో కిటుకు ఇంకో రకం. కూలీలను ఊళ్ల నుంచి తెచ్చిన కంగాణికి, రోజూ పొద్దున పనికి హాజరైన తలకింత అని డబ్బు ముట్టేది. అంటే ఒక కూలీ మంచం పడితే కంగాణి జేబుకు కూడా చిల్లే. తెల్లారకముందే వచ్చి తలుపు తట్టేది తన ఊరివాడో, తన భాషవాడో. పరాయి దొర మీదైతే కోపం తెచ్చుకోవచ్చు, వరస కలిసే మనిషి ‘లేవరా’ అంటే ఏం చెప్పాలి? పరదేశంలో మనవాళ్లు జబ్బును దాచుకోవడానికి సంస్కృతి తేడా కంటే ఈ తలసరి డబ్బే పెద్ద కారణమనిపిస్తుంది. నైపుణ్యం లేని కూలీలను సాయమిచ్చి మలయాకు పంపడాన్ని భారత ప్రభుత్వం 1938లో నిషేధించింది.

స్వదేశంలో పరిస్థితి ఏమంత ముందు లేదు. జబ్బు రోజులకు డబ్బిచ్చే ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది 1948లో, అదీ ఫ్యాక్టరీలవాళ్లకు. కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రింబవళ్లు మంట చూసే మనిషికి దాంతో పనిలేదు.

ఇప్పుడు ఈ ఊళ్ల పిల్లలు విమానాల్లో వెళ్తున్నారు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఏడాదిలో మొదటి 30 జబ్బు రోజులకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పాతిక జీతం, ఆపైన 30 రోజులు జీతం లేని సెలవు. జర్మనీలో డాక్టరు చీటీ ఉంటే ఆరు వారాల పాటు యజమానే పూర్తి జీతం ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఎగబడే అమెరికాలో దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన జబ్బు సెలవు చట్టమే లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. మిగతాది రాష్ట్రాల ఇష్టం, కంపెనీల ఇష్టం. పైగా హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో కొత్తది వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. అలాంటివాడు నూటొక్క డిగ్రీల జ్వరంతోనూ లాప్‌టాప్ తెరిచి, కెమెరా ఆపేసి మీటింగులో కూర్చుంటాడు.